టికెట్టు చూడడానికి, ఏర్పాటు అమ్మడానికి

సమకాలీన కళల ఆర్ట్ ఫెయిర్‌కు, అంటే కళాఖండాలు అమ్మే గ్యాలరీలు ఒకే హాలులో స్టాళ్లు పెట్టే సంతకు, వెళ్లొచ్చినవారు ముందుగా విసుక్కునేది జనం గురించే. ఆ విసుగుతో నాకు పేచీ ఉంది. బొమ్మలు చూడడానికి జనం ఎగబడి రావడం సంతోషించవలసిన సంగతి. నా కోపమల్లా, అమ్మకం కోసం కట్టిన హాలును ప్రదర్శనశాల అని నమ్మించి మనకు టికెట్లు అంటగట్టే నిర్వాహకుల మీద.

ఆర్ట్ ఫెయిర్ పుట్టిందే బజారుగా. 1967లో జర్మనీలోని కొలోన్‌లో ఈ తరహా సంతకు నాంది పలికినవారు గ్యాలరీల వ్యాపారులు. 1970లో స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌లో ఆర్ట్ బాసెల్ అనే ఫెయిర్‌ను ప్రారంభించినవారూ బాసెల్ గ్యాలరీల యజమానులే. కళను అమ్ముకోవడంలో తప్పు లేదు, చిత్రకారులకూ ఇల్లు గడవాలి. అయితే పెద్ద ఫెయిర్లలో సాధారణ ప్రేక్షకులకు తలుపులు తెరవడానికి ముందే ఆహ్వానితులకు ప్రివ్యూ ఉంటుంది. కళాఖండాలు సేకరించే పేరున్నవారు, మ్యూజియంల ప్రతినిధులు అప్పుడే తీరిగ్గా చూసి బేరాలు ముగించుకుంటారు. కొన్ని చిత్రాలైతే అంతకు ముందే, గ్యాలరీ పంపిన ఫోటోల మీదనే రిజర్వు అయిపోతాయి. అసలు పని అయిపోయాక, హాలు నిండుగా కనిపించడానికి మనల్ని లోపలికి వదులుతారు.

స్టాల్ అద్దె చదరపు మీటర్ల లెక్కన ఉంటుంది కనుక గ్యాలరీవారికి ఖాళీ గోడ అంటే నష్టమే. అందుకే ఒక చిత్రం మీద నిలిచిన చూపును పక్క చిత్రం లాగేసుకుంటుంది. ఈ ఇరుకులో ముందుగా బలయ్యేవి నిదానంగా చూడవలసిన కళాఖండాలు. మొన్న వెళ్లిన ఫెయిర్‌లో అరచేతంత కాగితం మీద, ముడతలు పడిన దుప్పటిని పెన్సిల్‌తో గీసిన చిత్రం ఒకటి కనిపించింది. రబ్బరుతో చెరిపిన చోట కాగితం నూగు లేచి, ఆ నూగే దుప్పటి మడత మీది వెలుగులా తోచింది. దాన్ని సరిగ్గా చూద్దామంటే ఫ్రేము అద్దంలో ఎదుటి స్టాల్ వారి ఎర్ర నియాన్ దీపం మెరుస్తోంది. మెడ వంచి చూస్తుండగానే, పక్కనున్న అద్దాల శిల్పంతో సెల్ఫీ తీసుకునేవారు నన్ను కాస్త జరగమన్నారు. ఇంకో స్టాల్‌లో ఇరవై నిమిషాల వీడియోకు రెండే హెడ్‌ఫోన్లు, అవీ నిలబడి పెట్టుకోవలసినవే. అక్కడి ఉద్యోగిని వివరం అడగబోతే కొనే రకమో కాదో చూద్దామన్నట్టు ఆయన చూపు నా మెడలోని బ్యాడ్జి మీద పడి, ఆ తరువాతే ముఖం మీదికి వచ్చింది.

2019లో అమెరికాలో జరిగిన ఆర్ట్ బాసెల్ మయామీ బీచ్ ఫెయిర్‌లో ఇటలీ కళాకారుడు మౌరిజియో కాటెలాన్ గోడకు టేపుతో అంటించిన అరటిపండు గుర్తుండే ఉంటుంది. మరో కళాకారుడు దాన్ని ఒలుచుకొని తినేశాడు. చివరి రోజున, విరగబడిన జనాన్ని అదుపు చేయలేక గ్యాలరీవారు దాన్ని తీసేయవలసి వచ్చింది. చాలామంది నవ్వుకున్నారు గానీ, అలాంటి హాలుకు అంతకన్నా తగిన కళాఖండం లేదని నా అభిప్రాయం. నడుస్తూ నడుస్తూ చూసినా అందుతుంది, ఫోనులో ఇట్టే ఇమిడిపోతుంది.

అడిగేది పెద్దదేమీ కాదు: గంటల వారీ టికెట్లు, వీడియోలకు ఒక చీకటి గది, పేరూ కొలతలతో సరిపెట్టకుండా లేబుల్ మీద రెండు వాక్యాల వివరం, కూర్చోవడానికి నాలుగు బల్లలు. స్థలం లేదంటారు. ఆహ్వానితుల లాంజిలో సోఫాలకు మాత్రం ఎక్కడలేని స్థలం దొరుకుతుంది.

విడ్డూరమేమిటంటే, ఫెయిర్‌లో స్టాళ్లు పెట్టే ఈ గ్యాలరీల్లోనే చాలావాటికి మామూలు రోజుల్లో ప్రవేశ రుసుమే ఉండదు. ఒకే కళాకారుడి కళాఖండాలను వారాల తరబడి, చాలినంత వెలుతురులో, విశాలమైన గోడల మీద ఉంచుతారు. పనిదినం మధ్యాహ్నం వెళ్తే గదంతా మనదే. ఫెయిర్‌కు డబ్బు కట్టి, కాళ్లు పీకేలా తిరిగొచ్చే మిత్రులే ఆ గ్యాలరీ తలుపు తోయడానికి జంకుతారు, ఏమీ కొనకుండా బయటికి వస్తే లోపలివారు ఏమనుకుంటారోనని. ఏమీ అనుకోరు, వెళ్లి చూడండి.