పల్లవి అందుకునేది ఎవరు? విశాఖ మందిరాల్లో పాత కీర్తన, కొత్త పాట

విశాఖపట్నంలో ఇద్దరు క్రైస్తవులు ఎదురుపడినప్పుడు, ఒకప్పుడు పలకరింపును బట్టే వారు ఏ తరహా సంఘానికి వెళ్తారో పోల్చుకోగలిగేవాళ్లం. ‘వందనాలండీ’ అన్నవారిది మిషనరీల కాలం నాటి సంఘమనీ, ‘ప్రైజ్ ద లార్డ్’ అన్నవారిది గాజువాక, మధురవాడ, పెందుర్తి వైపు తరువాతి కాలంలో వెలసిన స్వతంత్ర మందిరమనీ ఒక లెక్క ఉండేది. ఆ లెక్క ఇప్పుడు తప్పుతోంది. పాతనగరం చర్చిలో తాతగారి పక్కన కూర్చున్న కుర్రవాడు కూడా రెండో మాటే అంటున్నాడు. సాయంత్రం అతడే ఎల్‌ఈడీ తెర, డ్రమ్స్ ఉన్న మరో చోట ఆరాధనకు వెళ్తున్నాడు, రాత్రి ఫోనులో మూడో సంఘం పాటలు వింటున్నాడు. సంప్రదాయ క్రైస్తవులు, ఆధునిక క్రైస్తవులు అని మనుషులను రెండు వరుసల్లో నిలబెట్టడం అందుకే కష్టమవుతోంది. గీత సంఘాల మధ్య నుంచి జరిగి ఒక్కొక్క ఇంట్లోకి వచ్చింది.

అయినా వాదన మాత్రం పాత బాటలోనే సాగుతోంది. సంఘ పెద్దల సమావేశంలో డ్రమ్స్ కొనాలన్న మాట రాగానే ‘గుడిని సినిమా హాలు చేస్తారా’ అని ఒక వైపు నుంచి, ‘దొరలు వదిలిపోయిన పద్ధతులను ఇంకెన్నాళ్లు పట్టుకుని వేలాడతాం’ అని మరో వైపు నుంచి వినిపిస్తుంది. ఈ ఊరి సంఘాల చరిత్ర కొంత చదివినవారికి ఈ రెండు మాటలూ వింతగా తోస్తాయి. పెద్దలు కాపాడుకోవాలనుకుంటున్న కీర్తన దొరలు వదిలిపోయినది కాదు. అది పుట్టిన నాడు, ఆ మాటకొస్తే, సంప్రదాయమూ కాదు.

లండన్ మిషనరీ సొసైటీ పంపిన జార్జ్ క్రాన్, అగస్టస్ డెస్ గ్రాంజెస్ 1805లో విశాఖపట్నం చేరుకున్నారు. వారు ఇక్కడ తలపెట్టిన పెద్ద పని అనువాదం. ఆనందరాయర్ అనే బ్రాహ్మణ క్రైస్తవుని సాయంతో సువార్తలను తెలుగు చేయడం మొదలుపెట్టారు. క్రాన్ 1809లో, డెస్ గ్రాంజెస్ 1810లో కన్నుమూశారు. మత్తయి, మార్కు, లూకా సువార్తలు 1812లో సెరంపూర్‌లో అచ్చయ్యాయి. విశాఖలోనే ఎడ్వర్డ్ ప్రిచెట్ ఆ పనిని కొనసాగించగా 1818లో కొత్త నిబంధన మద్రాసులో వెలువడింది. తెలుగు ప్రొటెస్టెంట్ల చేతికి వచ్చిన తొలి అచ్చు లేఖనాలు ఆ విధంగా చాలావరకు ఈ తీరంలోనే తయారయ్యాయి. చెప్పుకోదగిన మరో సంగతి, ఆ సొసైటీకి ప్రధాన ఆధారం ఇంగ్లండ్‌లోని కాంగ్రిగేషనల్ సంఘాలు. ఆ వర్గానికే చెందిన ఐజాక్ వాట్స్ తన కీర్తనల సంపుటిని 1707లో ప్రచురించే నాటికి, ఆరాధనలో బైబిలులోని దావీదు కీర్తనలు కాక మనుషులు అల్లిన పాటలు పాడవచ్చునా అన్న తగవు ఆ దేశంలోనే ఇంకా చల్లారలేదు. కాబట్టి మన ఊరికి దొరలు తెచ్చిన ‘పాత పద్ధతి’ వయసు వారి దగ్గరే అప్పటికి నూరేళ్లు.

తెలుగు పాట దారి వేరు. పర్లాకిమిడి ప్రాంతంలో బ్రాహ్మణ కుటుంబంలో పుట్టిన పురుషోత్తమ చౌదరి (1803–1890) 1833లో బాప్తిస్మం పొందారు. ఇంగ్లీషు బాణీలకు తెలుగు మాటలు కొలిచి అతికించడం ఆయనకు తెలియని మార్గమేమీ కాదు. తెలుగు సంఘాల్లో ఆ రకం పాటలు నేటికీ ఉన్నాయి, వాటిలో మాట ఒక చోట విరిగితే స్వరం మరో చోట విరుగుతుంది. చౌదరిగారు ఆ దారి వదిలి, భజనలోనూ యక్షగానంలోనూ ఉత్తరాంధ్ర జనం చెవికి అలవాటైన రాగతాళాల పద్ధతిని ఎంచుకున్నారు. ‘ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు’ తెరిస్తే పాట తలకట్టున రాగం పేరు, తాళం పేరు కనిపించేది అందుకే. లూథరన్లు, బాప్టిస్టులు, సీఎస్‌ఐ (దక్షిణ ఇండియా సంఘం) వారు సిద్ధాంతాల్లో ఎన్ని విధాలుగా విడిపోయినా ఆ పుస్తకం దగ్గర కలుస్తారు. అన్యుల గుడి పాటలాగా ఉందని ఆ రోజుల్లో ఎవరైనా ముఖం చిట్లించి ఉంటే, ఆ అభ్యంతరానికీ నేటి ‘సినిమా పాటలాగా ఉంది’ అన్న అభ్యంతరానికీ పెద్ద తేడా ఉండదు.

ఈ పోలికను నేను మొహమాటం లేకుండా ఒప్పుకుంటాను. అమెరికాలో 1960ల చివర కాలిఫోర్నియా యువకులు గిటారు పట్టుకుని చర్చిలోకి వచ్చినప్పటి నుంచి, 1983లో సిడ్నీ శివారులో మొదలైన హిల్‌సాంగ్ సంఘం వరకు సాగిన ధోరణి తెలుగు కొత్త పాటకు ఒక తల్లివేరు అయితే, రెండో వేరు నిస్సందేహంగా తెలుగు సినిమా సంగీతం. 1830లలో జనం చెవికి దగ్గరగా ఉన్నది కీర్తన. నేడు దగ్గరగా ఉన్నది సినిమా పాట. చౌదరిగారు చేసిన పనినే నేటి యువ రచయితలు చేస్తున్నారని అనడానికి కావలసినంత ఆధారం ఉంది. కాబట్టి వాద్యం పేరు చెప్పి, రాగం పేరు చెప్పి కొత్త పాటను తోసిపుచ్చడం చెల్లదు.

అడగవలసిన ప్రశ్న వేరే ఉందని నా అభిప్రాయం: ఆ పాటను పాడుతున్నది ఎవరు?

కీర్తన కట్టుబాటు చూడండి. పల్లవి, అనుపల్లవి, చరణాలు. నడిపించేవారు ఒక పాదం అంటే సంఘం అదే పాదం తిరిగి అంటుంది. హార్మోనియం మాస్టారు శ్రుతి పెట్టేటప్పుడు చాపల మీద ముందు కూర్చున్న స్త్రీల గొంతు ఎంతవరకు అందుతుందో చూసుకుంటాడు. కంజీర, తాళాలు ఉన్నా లేకపోయినా పాట నిలబడుతుంది. అక్షరం ముక్క రాని అవ్వలు ఎనిమిదేసి చరణాల కీర్తనలను కంఠతా పట్టగలిగింది ఈ ఏర్పాటు వల్లనే. పుస్తకం కొనలేని, కొన్నా చదవలేని సంఘానికి కీర్తనే పాఠశాల. సృష్టి, పతనం, సిలువ, పునరుత్థానం చరణం వెంట చరణంగా నోటికి వచ్చేవి, అయ్యగారి వర్తమానం (ప్రసంగం) ఇంటికి చేరేలోగా మరచిపోయినా.

కొత్త పాట స్టూడియోలో పుడుతుంది. ఒక గాయకుని లేదా గాయని గొంతుకు సరిపోయే స్కేలులో ట్రాకు తయారవుతుంది. యూట్యూబులో విడుదలైన క్షణం నుంచి ఆ ట్రాకే అసలు పాట, మందిరంలో పాడేది దాని నకలు. ఆదివారం కీబోర్డు మాస్టారు అదే స్కేలులో ఎత్తుకుంటే, చరణం పై స్థాయికి వెళ్లేసరికి సగం సంఘం ఆగిపోతుంది. చరణానికీ చరణానికీ మధ్య వచ్చే బీజీఎంలో జనానికి పనేమీ ఉండదు; చప్పట్లు కొడతారు, లేదా వేదిక వైపు చూస్తూ నిలబడతారు. చూడటం అలవాటైన చోట పాడటం తగ్గుతుంది. ప్యాడ్స్, బేస్ గిటారు కలిసి హాలును నింపితే పక్కవారి గొంతు వినబడదు. శబ్దం బాగా ఉంటేనే సిగ్గుపడేవాడు కూడా నోరు విప్పుతాడని వర్షిప్ లీడర్లు అంటారు, అందులో నిజం లేకపోలేదు. పైగా, రెండు పాదాలు మాటిమాటికీ తిరిగివచ్చే పాటను నిన్న చేరినవాడు కూడా ఈ రోజే అందుకోగలడు. కీర్తనకు అలవాటు పడాలంటే ఏళ్లు కావాలి. స్టీల్ ప్లాంటులో కాంట్రాక్టు పనికి వచ్చినవాడికి, నర్సింగ్ చదువుకు మన్యం నుంచి దిగివచ్చిన అమ్మాయికి, ఊరు కాని ఊరిలో మొదటి ఆదివారమే తనదనిపించే పాట దొరకడం చిన్న విషయం కాదు.

పాత సంఘాల్లో మాత్రం అందరూ పాడుతున్నారా? కీర్తనను ఊపిరాడనంత సాగదీసి, ‘ఒకటి, రెండు, ఆఖరి చరణాలు పాడుదాం’ అని ప్రకటించి, క్వయరు పాడుతుంటే మిగిలినవారు పుస్తకంలో పేజీ వెతుక్కుంటూ కూర్చునే ఆరాధనలు నేను చాలా చూశాను. ఎనిమిది చరణాల కథలో అయిదు కోసేసిన తరువాత సంప్రదాయం మిగిలిందని చెప్పుకోవడం సరిపోదు. ప్రేక్షకులను తయారుచేయడంలో ఎల్‌ఈడీ తెరకు ముందే మన క్వయరు బల్లలు కొంత అనుభవం గడించాయి.

ఆర్‌సీఎం (రోమన్ కతోలిక మిషన్) వారి అనుభవం ఇక్కడ పనికొస్తుంది. నేటి ఫ్రాన్స్‌లోని అన్నెసీ నుంచి సలేషియన్ గురువులు 1846లో విశాఖ వచ్చిన నాటి నుంచి నూరేళ్లకు పైగా పూజ లాతీనులోనే సాగింది. రెండో వాటికన్ మహాసభ 1963 డిసెంబరు 4న ఆమోదించిన ఆరాధన పత్రం ప్రజల భాషకు తలుపు తెరిచింది. అందులో గట్టిగా చెప్పిన మాట, విశ్వాసులు మౌన ప్రేక్షకులుగా కాక పూజలో పాలుపంచుకోవాలన్నది. 1969లో భారతీయ పద్ధతులకు సంబంధించిన 12 అంశాలకు అనుమతి వచ్చింది. వాటి వల్ల నేల మీద కూర్చోవడం, అంజలి ఘటించడం, దీపం, హారతి పూజలోకి వచ్చాయి. హారతి చూసి ఇబ్బంది పడిన కతోలికులూ ఉన్నారు, తాము విడిచి వచ్చినదే మళ్లీ ఎదురొచ్చిందని. కొత్తదనం దేశీయమైనా అందరికీ సులువుగా మింగుడుపడదు. అదే సమయంలో ఎవరి అనుమతీ అడగని భక్తి రాస్ హిల్ మీద తన మానాన తాను సాగుతూనే ఉంది. ఒక పక్క వేంకటేశ్వరుని గుడి, మరో పక్క ఇషాక్ మదీనా దర్గా ఉన్న ఆ కొండల వరుసలో, డిసెంబరు 8న మాత ఉత్సవానికి మెట్లెక్కే వారందరూ బాప్తిస్మం పొందినవారు కారు.

సంప్రదాయం, ఆధునికత అన్న రెండు పేర్లలో ఇమడని ధోరణులు ఇంకా ఉన్నాయి. మిషను కట్టుబాట్ల నుంచి విడిగా నిలబడి 1941లో మొదలైన సువార్తికులు భక్త్‌సింగ్ గారి సహవాసం, 1938లో ముంగమూరి దేవదాసు అయ్యగారు లూథరన్ సంఘం నుంచి బయటికి వచ్చి స్థాపించిన బైబిలు మిషను తమ కాలానికి పూర్తిగా కొత్తవి. మొదటివారికి ‘సీయోను గీతాలు’, రెండోవారికి దేవదాసు అయ్యగారి సొంత కీర్తనలు. ఈ రెండు చోట్లా కొత్తదనమంటే వేదిక ఎత్తు పెంచడం కాదు. అందరూ నేల మీద కూర్చుని పాడటమే.

భాష సంగతి కొంచెం ముల్లులాంటిది. వ్యావహారిక భాష కోసం గిడుగు రామమూర్తి పంతులుగారు పోరాడింది కూడా చౌదరిగారి పర్లాకిమిడి నుంచే. బడి పుస్తకం మారింది, పత్రిక మారింది. పుల్పిటు (ప్రసంగ వేదిక) మీది బైబిలు మాత్రం చాలా సంఘాల్లో పాత వాచకంలోనే ఉంది. వాడుక తెలుగులో అనువాదాలు వచ్చినా, బైబిలులోని ఇరవై మూడో కీర్తనను కొత్త మాటల్లో చదివితే మనసుకు ఆనడం లేదనేవారే ఎక్కువ. వారిలో నేనూ ఒకణ్ణి. కానీ ఇంగ్లీషు మీడియంలో చదివిన పిల్లలు ఆ వాచకాన్ని గౌరవిస్తున్నది అర్థమై కాదు, పెద్దల ముఖం చూసి. కొత్త పాట ఈ ఖాళీలోకే వచ్చింది. అయితే ఆ పాటల్లో చాలావాటి తెలుగు అరవై, డెబ్భై మాటల చుట్టూనే తిరుగుతోందన్నది నా ఫిర్యాదు. పర్వతాలు, తుఫానులు, కన్నీళ్లు, నీ కృప: వీటిలో దేనికీ విశాఖ గాలి తగలదు. తుఫాను అంటే ఏమిటో 2014లో హుద్‌హుద్ నాడు చూసిన ఊరు ఇది.

ఆరాధన మారినంత వేగంగా గుర్తింపు మారదు. దానికి కారణాలు పాటలో లేవు, కాగితాల్లో ఉన్నాయి. ఈ నగరంలో వారం వారం కొత్త మందిరానికి వెళ్లే కుటుంబాల్లో చాలామంది పాత సంఘంలో సభ్యత్వం వదులుకోరు, చందా ఆపరు. 1872 నాటి క్రైస్తవ వివాహ చట్టం ప్రకారం పెళ్లి చేసే అధికారం ప్రతి పాస్టరుగారికీ ఉండదు. సమాధుల తోటలు చాలావరకు పాత సంఘాల చేతుల్లో ఉన్నాయి. ఆదివారానికి ఒక చోటు, పెళ్లికీ సమాధికీ మరో చోటు. మూడో కాగితం కుల ధ్రువీకరణ పత్రం. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ఎస్సీ హోదాను హిందువులకు పరిమితం చేసింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు, క్రైస్తవులను చేర్చలేదు. మన రాష్ట్రంలో దళిత క్రైస్తవులు బీసీ-సీ కింద, ఒక్క శాతం రిజర్వేషన్‌తో ఉన్నారు. వారికి ఎస్సీ హోదా ఇవ్వాలని 2023 మార్చిలో శాసనసభ తీర్మానం చేసినా, కేంద్రం 2022లోనే జస్టిస్ కె.జి. బాలకృష్ణన్ కమిషన్‌కు ఆ విషయాన్ని అప్పగించినా, ఇంట్లో ఒక పేరు, రికార్డుల్లో మరో పేరు ఉన్న మనుషులు అలాగే ఉన్నారు. సభ్యత్వ రిజిస్టరు అడగని, తాతల ఊరు అడగని పెద్ద హాళ్ల ఆరాధన అలాంటివారికి ఎందుకు సౌకర్యంగా ఉంటుందో అర్థం చేసుకోవడం కష్టం కాదు. పేరు చెప్పనక్కరలేని చోటికి వచ్చినవారు చీకటి హాలులో గొంతు విప్పకపోతే, ఆ మౌనానికి డ్రమ్స్ ఒక్కటే కారణమని అనలేం.

సమాధుల తోటలో కీబోర్డు ఉండదు, తెర ఉండదు. పాత సంఘం వారు, కొత్త మందిరం వారు, వేరే ఊరి నుంచి వచ్చిన బంధువులు పెట్టె చుట్టూ నిలబడినప్పుడు ఎవరో ఒకరు చిన్న గొంతుతో కీర్తన ఎత్తుకుంటారు. పల్లవికి అందరి గొంతులూ కలుస్తాయి, కుర్రవాళ్లవి కూడా. మొదటి చరణం దాటేసరికి పాట పలచబడుతుంది. మూడో చరణానికి వచ్చేటప్పటికి పాడుతున్నది ఇద్దరు ముగ్గురు పెద్దవయసు స్త్రీలు మాత్రమే. పుస్తకం చూడకుండా, ఒకరి శ్రుతిని ఒకరు పట్టుకుంటూ, పెట్టె గోతిలోకి దిగేవరకు మిగిలిన చరణాలన్నీ వారే లాక్కొస్తారు.