మోటారు ఆపితే నీళ్లు ఆగుతాయా?

"ఇంట్లో పైపు పగిలిందా? టెన్షన్ పడకండి, ఈ ఆరు చిట్కాలు పాటించండి" అంటూ ఒక మెసేజీ వాట్సాప్‌లో తెగ తిరుగుతోంది. ముందు కాలేజీ గ్రూపులో వచ్చింది, తర్వాత అపార్ట్‌మెంట్ గ్రూపులో. నిన్న మా పెద్దమ్మ కూడా గుడ్ మార్నింగ్ గులాబీతో కలిపి పంపింది. కింద షరా మామూలే: "పది మందికి పంపండి, ఒక ఇల్లు నిలబెట్టినవారవుతారు." రాసినాయన ఏ దేశంలో ఏ ఇంటిని చూసి రాశాడో గానీ, డాబా మీద ట్యాంకు, నేలలో సంపు ఉన్న ఇంటిని మాత్రం చూసినట్టు లేదు.

"వెంటనే మోటారు ఆపండి, నీళ్లు ఆగిపోతాయి" అన్నది మొదటి చిట్కా. ఎలా ఆగుతాయండీ? బాత్రూం గోడలో పైపు పగిలితే అందులోంచి వచ్చేవి డాబా మీది ట్యాంకు నీళ్లు. మీరు ఆ రోజు మోటారే వేయకపోయినా, వెయ్యి లీటర్ల ట్యాంకు ఖాళీ అయ్యేదాకా అవి వస్తూనే ఉంటాయి. సంపు నుంచి పైకి నీళ్లెక్కించే పైపు పగిలితే మాత్రం మోటారు ఆపితే చాలు. ఏ పైపు పగిలిందో చూసుకోకుండా మోటారు ఆపేసి హమ్మయ్య అనుకుంటే, పది నిమిషాల్లో హాల్లో చెప్పులు తేలతాయి.

రెండోది దాని తమ్ముడు: "మీటరు దగ్గరుండే మెయిన్ వాల్వు కట్టేయండి." హైదరాబాదులో మంజీరా నీళ్లయినా కృష్ణా నీళ్లయినా ముందు సంపులో పడతాయి. ఆ వాల్వు కడితే సంపు నిండదు, అంతే. కట్టాల్సింది పైన, ట్యాంకు దగ్గరుండే వాల్వు. అపార్ట్‌మెంటయితే వంటింటికొకటి, ఒక్కో బాత్రూంకొకటి లైన్లు దిగుతాయి, దేని వాల్వు దానిదే. ఏది ఎవరిదో తెలిసింది వాచ్‌మన్‌కి ఒక్కడికే, అతను ఊరెళ్లిన రోజే పైపు పగులుతుంది. కాబట్టి వాల్వుల పక్కన పెయింటుతో ఫ్లాట్ నంబర్లు రాయించుకోండి. బోరు నీళ్లు వాడేచోట ఇంకో తంటా ఉంది. ఏళ్ల తరబడి తిప్పని గేటు వాల్వు ఉప్పు పట్టి బిగుసుకుపోతుంది. ఒక్కోసారి పైన చక్రం గిరగిరా తిరుగుతుంది గానీ లోపల గేటు దిగదు. అలాంటప్పుడు ప్లంబర్లు ట్యాంకు మూత తీసి, లోపల ఔట్‌లెట్ కన్నంలో గుడ్డ ఉండ కుక్కుతారు. నీటి ఒత్తిడికి అదే బిగుసుకుంటుంది. ఆరు చిట్కాలలో దీనికి చోటు దొరకలేదు.

"చలికాలం రాత్రిళ్లు కుళాయి సన్నగా కారనివ్వండి, పైపులో నీళ్లు గడ్డకట్టవు" అన్నదానికి చోటు దొరికింది మరి! 2021 ఫిబ్రవరిలో టెక్సాస్ గడ్డకట్టినప్పుడు డల్లాస్‌లోని మనవాళ్లకు పనికొచ్చే మాటే. గుంటూరులో ఎవరికి?

ఇవన్నీ నవ్వి ఊరుకునేవే. నాలుగోది అలాంటిది కాదు. "నీళ్లు స్విచ్‌బోర్డు మీద పడుతుంటే భయపడకండి. రబ్బరు చెప్పులు వేసుకుంటే షాక్ కొట్టదు. నీళ్లలో నడిచి వెళ్లి మెయిన్ ఆపేయండి."

మహానుభావా, హవాయి చెప్పు మందం ఎంత? నీళ్లు ఆ మందం దాటి పాదానికి తగిలాక రబ్బరు ఉన్నా లేనట్టే. పైగా కరెంటు కాళ్లలోంచే పోవాలన్న రూలేమీ లేదు. ఒక చెయ్యి తడి బోర్డు మీద, రెండో చెయ్యి ఇనప గ్రిల్లు మీద ఉంటే అది గుండె మీదుగానే పోతుంది. చెప్పులు కొత్తవా పాతవా అని అడగదు.

సరే, ఎలాగో మెయిన్ దించారు. ప్రమాదం పోయిందా? ఇన్వర్టర్ ఉన్న ఇంట్లో పోలేదు. మెయిన్ దించగానే అది "కరెంటు పోయింది" అనుకుని రెప్పపాటులో లైట్లూ ఫ్యాన్లూ అందుకుంటుంది. మెయిన్ ఆపేశానన్న ధీమాతో మీరు తడి బోర్డు తుడవబోతారు, అందులో 230 వోల్టులు అలాగే ఉంటాయి. మెయిన్‌తోపాటు ఇన్వర్టర్ డబ్బా మీదే ఉండే ఆన్-ఆఫ్ స్విచ్ కూడా ఆపితేనే ఆపినట్టు. ఈ రెండింటి దాకా నేల పొడిగా ఉంటేనే వెళ్లండి. దారిలో నీళ్లుంటే ఇంట్లోవాళ్లందర్నీ తీసుకుని బయటికి రండి. అపార్ట్‌మెంటయితే సెల్లార్‌లో మీటర్ల దగ్గర మీ ఫ్లాట్ ఫ్యూజు తీయించవచ్చు. లేదంటే 1912కి ఫోన్ చేయండి, ఆంధ్రలోనైనా తెలంగాణలోనైనా కరెంటు ఫిర్యాదులకు అదే నంబరు. బయట ఫ్యూజు తీసినా లోపల ఇన్వర్టర్ నడుస్తూనే ఉంటుంది, కాబట్టి నీళ్లు తగ్గాయి కదా అని ఎలక్ట్రీషియన్ చూడకముందే లోపలికెళ్లి స్విచ్‌లు ముట్టుకోకండి. కరెంటు లీకైతే వెంటనే తనంతట తానే ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టించుకోమని ఒక్క ముక్క రాసినా ఆయనకి దండం పెట్టేవాణ్ని. దానికి ఓపిక లేదు గానీ చెప్పుల పక్కన నమస్కారం బొమ్మలు రెండు పెట్టే ఓపిక ఉంది!

గీజరు ఊసే లేదు. పైన వాల్వు కట్టి కుళాయిలన్నీ తెరిచి వదిలేశాక గీజరు ఆన్‌లో ఉండిపోతే, అందులో నీళ్లు తగ్గి ఎలిమెంటు కాలిపోవచ్చు. అది కూడా ఆపండి.

ఐదోది ఎంసీల్. "పగిలిన చోట పెడితే నిమిషంలో ఆగిపోతుంది" అట. రెండు ముద్దలూ కలిపి పిసికి, పొడి పైపుకు పెట్టి, గట్టిపడేదాకా గంటో రెండు గంటలో ఆగాలి. నీళ్లు చిమ్ముతున్న పైపుకు పెడితే అది మీ వేళ్లకు అంటుకుంటుంది, పైపుకు కాదు.

కానీ ఆ చిట్కా చివర్లో "లేదా పాత సైకిల్ ట్యూబు చుట్టండి" అని ఉంది చూశారా, అది మాత్రం వజ్రం లాంటి మాట. పైకి కనబడే పైపుకు చిన్న పగులైతే నిజంగా పనిచేస్తుంది. పది మీటర్ల ఎత్తు నుంచి దిగే నీటి ఒత్తిడి సుమారు ఒక బార్, అంతే. ట్యూబును పొడవాటి పట్టీగా కోసి, పగులుకు బెత్తెడు ఇవతల మొదలుపెట్టి, ప్రతి చుట్టూ ముందు చుట్టు మీద సగం పడేలా సాగదీసి చుట్టి, తీగతో బిగిస్తే ప్లంబర్ వచ్చేదాకా నిలుస్తుంది. పొలాల్లో పైపులకు రైతులు కట్టేదీ ఇదే. ఇంత మంచి మాట ఈ మెసేజీలోకి ఎలా దూరిందో!

ఇక ఆఖరిది: "ప్లంబర్లు దోచుకుంటారు, పీవీసీ గమ్ము కొని మీరే అతికించండి." ఈమధ్య కట్టిన ఇళ్లలో గోడలో ఉండేది చాలావరకు మీగడ రంగు సీపీవీసీ పైపు, మామూలు పీవీసీ కాదు. దానికి వాడాల్సిన గమ్ము వేరు. పైగా పగులు మీద గమ్ము పూస్తే ఏదీ ఆగదు, ఆ ముక్క కోసేసి, పైపు కొసల్ని కలిపే కప్లింగ్ వేయాలి. చేయగలనంటే చేసుకోండి. కోసిన ముక్క పట్టుకుని హార్డ్‌వేర్ షాపుకెళితే ముప్పావు అంగుళమో, అంగుళమో అతనే చూసి ఇస్తాడు. అతికించాక డబ్బా మీద రాసినంతసేపూ ఆగండి. తర్వాత కింద ఒక కుళాయి తెరిచి ఉంచి, పైన వాల్వు మెల్లగా వదలండి. ముందు గాలి బుస్సుమని పోతుంది, ఆ వెనక నీళ్లొస్తాయి.