పింఛను ఎక్కే మెట్లు మాత్ర ఎక్కదా?

విశాఖలో అరిలోవ వైపు కొండవాలు కాలనీలకు ఓసారి పొద్దున్నే వెళ్లి చూడండి. ఆటో కిందే ఆగిపోతుంది. అక్కడి నుంచి అన్నీ మెట్లే. ఒక చేత్తో గోడ, రెండో చేత్తో ఆస్పత్రి కాగితాలున్న ప్లాస్టిక్ కవరు పట్టుకుని, నాలుగు మెట్లకోసారి ఆగి ఊపిరి పీల్చుకునే ముసలివాళ్లు కనిపిస్తారు. దిగడం ఎలాగోలా దిగుతారు, మళ్లీ ఎక్కేదెలా అన్నదే వాళ్ల టెన్షన్. అందుకే మాత్రలు అయిపోయినా వారం ఓర్చుకుంటారు. ఆ వారం నెలవుతుంది.

ఈ అవస్థ ఎంతమందిదో దేశంలో వృద్ధులపై జరిగిన అతిపెద్ద సర్వే ‘లాసీ’ చూస్తే అర్థమవుతుంది. 2017-18లో 45 ఏళ్లు దాటిన 72 వేల మందికి పైగా వివరాలు సేకరించి, 2021 జనవరిలో నివేదిక విడుదల చేశారు. అరవై దాటినవారిలో 75 శాతం మందికి ఏదో ఒక దీర్ఘకాలిక జబ్బు ఉంది. 40 శాతం మందికి ఏదో ఒక వైకల్యం ఉంది. అంటే మందు అవసరమైనవారిలో చాలామందికి మందు దగ్గరకు నడిచి వెళ్లడం కష్టం కావచ్చు.

ఆ సర్వే జరిగిన తీరు కూడా గమనించదగ్గది. సిబ్బంది పరికరాలు మోసుకుని ఇళ్లకే వెళ్లారు. బీపీ చూశారు, చేతి పట్టు ఎంతుందో కొలిచారు, నడిపించి చూశారు, వేలి కొన నుంచి రక్తపు చుక్కలు తీసుకున్నారు. జబ్బు లెక్క రాసుకోవడానికి గడప దాకా వెళ్లగలిగాం. మందు ఇవ్వడానికి వెళ్లలేమా?

డెబ్బై దాటినవారికి ఏటా కుటుంబానికి 5 లక్షల రూపాయల దాకా చికిత్స అందించే ‘వయ వందన’ పథకాన్ని కేంద్రం 2024 అక్టోబరులో తెచ్చింది. మంచి పనే, కాదనం. కానీ ఆ కార్డు ఆస్పత్రిలో చేరిన రోజున అక్కరకొస్తుంది. బీపీ మాత్ర మానేసి పక్షవాతంతో మంచాన పడ్డాక వైద్యం చేయిస్తుంది, మంచాన పడకుండా కాపాడేది మాత్రం రోజూ వేసుకునే ఆ చిన్న మాత్రే. దానికోసం పెద్దవాళ్లు కేజీహెచ్ దాకా వచ్చి ఓపీ వరుసలో నిలబడాల్సిన పనే ఉండకూడదు. 1923 నుంచి ఉత్తరాంధ్రకంతా పెద్ద దిక్కైన ఆ ఆస్పత్రి పెద్ద జబ్బులు చూసుకోవాలి.

దారి కొత్తగా వెతకక్కర్లేదు. ఒకటో తారీఖున వార్డు సచివాలయ సిబ్బంది ఆ మెట్లన్నీ ఎక్కి ఇంటి దగ్గరే పింఛను ఇస్తున్నారు. ఏ ఇంట్లో ఎవరు మంచం దిగలేరో వాళ్లకు తెలుసు. ఆ జాబితా వార్డులో ఆరోగ్య సేవలు చూసే నర్సు, అంటే ఏఎన్ఎం చేతికివ్వాలి. ఆమె నెలకోసారి బీపీ, షుగరు చూసి, పట్టణ ఆరోగ్య కేంద్రం నుంచి నెలకు సరిపడా మాత్రలు తీసుకెళ్లి ఇవ్వాలి. ఇందుకు ఏఎన్ఎంలపై ఉన్న మిగతా పనుల భారం తగ్గించక తప్పదు. నగరపాలక సంస్థ ఆ మెట్ల పక్కన పట్టుకోవడానికి ఇనుప కమ్మీలు వేయించాలి. మొదటి విడత అరిలోవ నుంచే, వచ్చే ఒకటో తారీఖు నుంచే మొదలుపెట్టాలని జిల్లా యంత్రాంగాన్ని కోరుతున్నాం.