లావాకి గండి కొడితే ఎవరి ఊరి మీదకి?

ఐస్‌లాండ్‌లో గ్రిందవిక్ అనే ఊరి దగ్గర బుల్డోజర్లతో మట్టికట్ట పోసి లావాను పక్కకు మళ్ళించిన వీడియో మా ఇంట్లో గొడవకి మూలం. మేనల్లుడు నీటిపారుదల ఇంజనీరు. మామయ్య కాలేజీలో భూగర్భశాస్త్రం చెప్పి రిటైరయ్యారు. నేను మామయ్య పక్షం, ముందే చెప్పేస్తున్నా. అయినా వాడి మాటలు కత్తిరించలేదు.

మేనల్లుడు: చూశారా మామయ్యా? గోదావరికి కరకట్ట వేసినట్టే వేశారు. అగ్నిపర్వతాన్ని అదుపు చేయలేమని ఇంక పాఠం చెప్పకండి.

మామయ్య: కరకట్ట వేస్తే వరద ఆగుతుందిరా, వాన ఆగుతుందా? 2024 జనవరి 14న ఏమైందో ఆ వీడియోలో లేదు. కట్టకి ఇవతల, ఊరి పక్కనే నేల చీలి లావా వచ్చింది. మూడిళ్ళు కాలిపోయాయి. జనాన్ని ముందే పంపేశారు కాబట్టి సరిపోయింది.

మేనల్లుడు: మూడిళ్ళేగా! అక్కడి విద్యుత్ కేంద్రం దక్కింది. అదే దేశంలో 1973లో హేమాయ్ దీవి సంగతో? లావా రేవును మూసేయబోతే సముద్రపు నీళ్ళు పంపులతో తోడి పోశారు. నెలల తరబడి, దాదాపు 60 లక్షల ఘనపు మీటర్లు. లావా గడ్డకట్టింది, రేవు మిగిలింది.

మామయ్య: మిగిలింది. 400 దాకా ఇళ్ళు పోయాయి. వాళ్ళు చల్లార్చింది లావా అంచుని. జనవరి 23న మొదలైన విస్ఫోటనం జూలై మొదట్లో దానంతటదే ఆగింది. పాలు పొంగితే పొయ్యిగట్టు తుడవడం వేరు, మంట తగ్గించడం వేరు.

మేనల్లుడు: అయితే మంటే తగ్గిద్దాం. బోరు వేసి లోపలి ఒత్తిడి వదిలేస్తే?

మామయ్య: బోరా! మొన్న మీ పెరట్లో 600 అడుగులు వేయించావు, నీళ్ళే రాలేదు.

మేనల్లుడు: ఇందులోకి మా బోరెందుకు?

మామయ్య: సరే, వదిలేశా. విను. ఐస్‌లాండ్‌లోనే క్రాఫ్లా దగ్గర 2009లో భూగర్భ వేడి కోసం బోరు వేస్తుంటే 2.1 కిలోమీటర్ల లోతున అనుకోకుండా శిలాద్రవం, అంటే భూమి లోపల కరిగి ఉన్న రాయి, తగిలింది. పేలలేదు. ఒత్తిడీ దిగలేదు. గాజుముక్కల్లా గడ్డకట్టిన శిలాద్రవం పైకి వచ్చింది, అంతే. ఇంక లెక్క నీ భాషలోనే చెప్తా. 1991లో ఫిలిప్పీన్స్‌లో పినతుబో అగ్నిపర్వతం కక్కింది 5 ఘన కిలోమీటర్ల పైమాటే. అంటే 175 టీఎంసీలు దాటి. నాగార్జునసాగర్ నిండితే 312. సాగర్‌లో సగానికి పైగా మరిగే రాయి, కిలోమీటర్ల లోతున, వాయువులతో బిగిసి ఉంది. దాన్ని జానెడు బోరులోంచి దించుతావా? వెడల్పుగా తవ్వగలిగినా, ఒత్తిడి ఒక్కసారిగా తగ్గితే కరిగి ఉన్న వాయువు నురగలా లేస్తుంది. సోడా గోళీ నొక్కినట్టు. నువ్వు ఆపబోయిందే నీ చేత్తో మొదలవుతుంది.

మేనల్లుడు: ఒప్పుకున్నా. మరి కెలుద్ అగ్నిపర్వతం మాటేంటి? ఇండోనేషియాలోని జావా దీవిలో 1919లో అది పేలినప్పుడు బిలంలోని సరస్సు బురదై ఊళ్ళ మీద పడి 5,000 మంది పోయారు. డచ్చివాళ్ళు కొండకి సొరంగాలు తవ్వి సరస్సును దించారు. 1951లో మళ్ళీ పేలితే చనిపోయింది ఏడుగురు!

మామయ్య: ఆ పేలుడుకే సొరంగాలు పాడై, సరస్సు మళ్ళీ నిండి, 1966లో రెండువందల మంది పైగా పోయారు.

మేనల్లుడు: సొరంగం పనిచేసినప్పుడు ఏడుగురు, పాడైనప్పుడు రెండువందలు. మీరు నా వైపు మాట్లాడుతున్నారు.

(మామయ్య కాసేపు కాఫీ తాగారు.)

మామయ్య: వాళ్ళు దించింది నీళ్ళని, శిలాద్రవాన్ని కాదు. సరే, మళ్ళించడం వరకు నీ మాటే అనుకుందాం. ఎటు మళ్ళిస్తావు? 1669లో ఇటలీలోని సిసిలీలో ఎట్నా లావా కటానియా ఊరి మీదకొస్తుంటే, ఆ ఊరివాళ్ళు కొందరు తడి తోళ్ళు కప్పుకుని వెళ్ళి లావా గట్టుకి గండి కొట్టారు. ప్రవాహం పటెర్నో వైపు తిరగబోయింది. పటెర్నోవాళ్ళు ఆయుధాలతో వచ్చి తరిమేశారు.

మేనల్లుడు: తమ ఊరు కాపాడుకోవడం తప్పా?

మామయ్య: మన చెరువు కట్టకి రాత్రికి రాత్రి గండి కొట్టిన పక్కూరివాళ్ళని తప్పన్నది నువ్వే.

మేనల్లుడు: అది వేరు! వాళ్ళ పొలాలు మునగవని ముందే తెలుసు. కాలువ పూడిక తీయమంటే తీయలేదు...

(చెరువు గొడవ అరగంట నడిచింది. రాయను.)

మేనల్లుడు: ఇంతకీ మీ దారేంటి? హెచ్చరికలేగా? 1985లో కొలంబియాలో నెవాడో దెల్ రూయిస్ అగ్నిపర్వతానికి ప్రమాద పటం ముందే గీశారు. అయినా అది పేలినప్పుడు ఆర్మెరో ఊళ్ళో 20,000 మందికి పైగా బురదలో కప్పబడిపోయారు.

మామయ్య: పటం ఉంది, కదిలించినవాడు లేడు. ఆరేళ్ళకి పినతుబో దగ్గర కదిలించారు. కొండ కంపనాలు, వాయువులు కొలిచి, జూన్ 15 పెద్ద పేలుడుకి ముందే వేలమందిని తరలించారు. కొండ పేలడం ఆగలేదు. జనంలో చాలామంది అక్కడ లేరు. పైసలుంటే కంపనాలు కొలిచే యంత్రాలకీ బస్సులకీ పెట్టమంటా.

మేనల్లుడు: కెలుద్‌లో 1966 తర్వాత సొరంగం మళ్ళీ తవ్వారా, లేదా?

మామయ్య: తవ్వారు.

మేనల్లుడు: తవ్వింది ఇంజనీర్లేగా.