తెల్లమొహం

కోస్టారికాలో మాన్యువల్ ఆంటోనియో నేషనల్ పార్క్‌కి మంగళవారం పొద్దున్నే తయారై వెళ్తే గేటుకి తాళం. మంగళవారం సెలవంట. మంగళవారంపూట కొత్త పనులేంట్రా అని అమ్మ ముందురోజు నుంచీ అంటూనే ఉంది, ఇక ఆ రోజంతా హోటల్లో ఆవిడ మొహం చూడాలి, అక్కడి గవర్నమెంటే తనని అడిగి సెలవు పెట్టినట్టు.

బుధవారం మళ్ళీ వెళ్ళాం. లోపలికి బయటి తిండి తేకూడదు, కోతులూ రకూన్లూ మనుషుల తిండికి మరిగి బ్యాగుల మీద పడుతున్నాయని ఒక్కో బ్యాగూ తెరిచి చూస్తున్నారు. నా చిప్స్ నేనే మర్యాదగా తీసి ఇచ్చేశా. అమ్మ చేతిసంచీ తెరిస్తే పైన బీపీ మాత్రలు, షుగర్ మాత్రలు, అమృతాంజనం. పాపం పెద్దావిడ మందులనుకుని ఆ కుర్రాడు జిప్ వేసి ఇచ్చేశాడు.

గైడ్ టెలిస్కోప్ పెట్టి, చెట్లకి వేలాడుతూ బతికే బద్ధకపు జంతువు స్లాత్‌ని చూపించాడు. నాకైతే పాచిపట్టిన కొబ్బరిపీచు చెట్టుకి తగిలించినట్టు ఉంది, పావుగంట చూశా, ఒక్కసారి మెడ తిప్పింది అంతే. వారానికోసారి చెట్టు దిగుతుందంట, అదీ దొడ్డికి. అమ్మకి ఈ ముక్క చెప్పడం నాదే తప్పు. "అయ్యో, రాత్రిపూట త్రిఫల చూర్ణం వెయ్యమని చెప్పరా అతనికి" అని నా మోచెయ్యి పొడుస్తూనే ఉంది బీచ్ దాకా.

పార్కు లోపలే బీచ్ ఉంటుంది. సంచీ ఓ దుంగ మీద పెట్టి కాళ్ళు తడుపుకుందామని అలా వెళ్ళామో లేదో, నల్ల ఒళ్ళూ తెల్ల మొహం ఉన్న కపుచిన్ కోతి ఒకటి దిగి, జిప్ లాగి, సంచీతో సహా కొమ్మెక్కేసింది. బీపీ మాత్రలు కిందపడ్డాయ్, షుగర్‌వి పడ్డాయ్, అమృతాంజనం సీసా వాసన చూసి మరీ విసిరేసింది. ఆఖర్న అడుగు నుంచి ఓ జిప్‌లాక్ కవరు తీసింది.

చెక్కలు.

అమ్మ వైపు చూశా. "కళ్ళు తిరుగుతాయేమోనని పెట్టుకున్నా, పదంటే పదేరా" అంది చిన్నగా.

గైడ్ మొహం మాడ్చుకుని వచ్చాడు. కిందపడ్డ కవరు తీసి ఇదెవరిది అన్నాడు. నేను ఠక్కున నాకేం తెలీదన్నా. పైన కోతి కరకరా నములుతోంది, ఆ చప్పుడు వినేసరికి అమ్మకి దొంగతనం సంగతే గుర్తులేదు, గైడ్ చెయ్యి పట్టుకుని, గుండె మీద వేలు పెట్టుకుని, "మీ, మీ! హోమ్‌మేడ్!" అంది.

గైడ్ నావైపు తిరిగాడు. కొమ్మ మీద ఒక తెల్లమొహం, కింద నాదొకటి.

అమ్మ ఇసకలోంచి మాత్రలు ఏరుకుంటూ, "పెసరపప్పు బాగా నానింది, అందుకే ఆ కరకర" అంటోంది.