ఒకటో చానల్

ఫోటో తీసినవాడికి పేరొస్తుంది. ఫోటోలో ఉన్నవాడికి లైకులొస్తాయి. లైటు పట్టుకున్నవాడికి భుజం నొప్పి వస్తుంది. ఈ మూడో ఉద్యోగానికి మా మేనల్లుడు నన్ను ఎంచుకోవడానికి కారణాలు రెండే: నేను ఆరడుగులకి ఒక అంగుళం తక్కువ, ఆదివారాలు ఖాళీ.

“స్టాండు కొనుక్కోవచ్చు కదరా?” అన్నాను.

“ఉండాది మామా. గుట్టమింద గాలికి పడిపోతాది. దానికి ఇసక మూట కట్టాల. నువ్వయితే మూటతోనే వస్తావు కదా” అని నా పొట్టకేసి చూశాడు. మా అక్క పక్కనే ఉండి కూడా వాణ్ణి ఏమీ అనలేదు.

సంగతేమంటే, వాడి స్నేహితులిద్దరు మౌంటెన్ బైకులు కొన్నారు. మోటారున్న బండి వచ్చే డబ్బు పోసి మోటారు లేని బండి కొన్నారు. ముందు చక్రానికి సస్పెన్షన్, రెండు చక్రాలకీ డిస్క్ బ్రేకులు, లావుపాటి టైర్లు, అన్నీ ఉన్నాయి. స్టాండు లేదు, క్యారియరు లేదు, బెల్లు లేదు. అంత ఖరీదైన సైకిల్ని గోడకి ఆనించి నిలబెట్టాల్సి రావడం నాకింకా మింగుడు పడలేదు. ఇంతకీ వీళ్ళిద్దరూ వాటిని రాళ్ళ మీదినుంచి దూకిస్తారు. ఎందుకని అడగకూడదు. దూకిస్తుండగా ఫోన్లో తీసుకున్న ఫోటోలేవీ వాళ్ళకి నచ్చలేదు. ఎండలో తీస్తే హెల్మెట్టు కింద మొహం నల్లగా పడుతోంది, నీడలో తీస్తే మనిషే అలుక్కుపోతున్నాడు. అప్పుడు మా వాడు రంగంలోకి దిగి, దీనికి మందు కెమెరాకి దూరంగా పెట్టిన ఫ్లాష్ అని తేల్చాడు. కెమెరా నెత్తిమీదే ఫ్లాష్ పెట్టి ఎదురుగా కొడితే మనిషి బల్లపరుపుగా వస్తాడట. పక్కనుంచి కొడితేనే కండా, చెమటా, చక్రం కింద లేచే దుమ్మూ కనిపిస్తాయట.

శేషాచలం అడవిలో తీద్దామన్న ఆలోచన మొదట్లోనే మానుకున్నాం. అక్కడ ఎర్రచందనం ఉంది. పొద్దు గూకే వేళ పొడుగాటి కర్ర, పొడుగాటి సంచీ పట్టుకుని పొదల మాటున నక్కిన మగవాళ్ళని చూసి ‘ఓహో, ఫోటోగ్రఫీ’ అనుకునేంత కళాహృదయం ఎవరికీ ఉండదు. ఉండకూడదు కూడా. అందుకని చంద్రగిరి దాటాక, సైకిలు కుర్రాళ్ళలో ఒకడి చిన్నాన్న పట్టాలో ఉన్న ఒక గుట్టని చూసుకున్నాం. తంగేడు పొదలు, రేగు కంపలు, మధ్యలో దూకడానికి అనువైన ఓ బండ. గుట్టకి అవతలి వైపు, సరిగ్గా కిందే, ఒక కళ్యాణ మండపం. దాని సంగతి అప్పుడు మేం పట్టించుకోలేదు.

దారి పొడుగునా కార్లో నాకు పాఠం. 1970ల్లో కాలిఫోర్నియాలో టామల్‌పైస్ అనే కొండ మీదినుంచి కుర్రాళ్ళు పాత సైకిళ్ళ మీద దిగేవాళ్ళట. పెడల్ వెనక్కి తొక్కితే పడే బ్రేకులు. కిందికి చేరేసరికి బ్రేకు వేడికి హబ్బులో గ్రీజు కాలి పొగొచ్చేదట. 1976లో దానికి పందేలు పెట్టారు, 1996 అట్లాంటా ఒలింపిక్స్‌లోకి ఈ ఆట ఎక్కేసింది.

“మీ తాత బ్రేకే లేని సైకిలు మీద మామిడికాయల గంప కట్టుకుని పాకాల నుంచి దామలచెరువు మార్కెట్టుకి పోయేవాడు. ఆయన్ని ఒలింపిక్స్ వాళ్ళెవరూ పిలవలేదు” అన్నాను.

ఇక గుట్ట మీద వాడి లెక్క ఇది. ఆకాశంలో వెలుగుండగానే కెమెరాని కావాలని కాస్త చీకటిగా పెట్టుకోవాలి. వెనకున్న కొండలూ మబ్బులూ ముదురు నీలంలో పడతాయి. షట్టరు తెరుచుకుని ఉండేది సెకనులో 200వ వంతు. అంతకి మించి వేగం పెంచితే షట్టరులోని రెండు తెరలూ ఒకేసారి పూర్తిగా తొలగి ఉండే క్షణమే దొరకదు, ఫోటోలో నల్ల పట్టీ పడుతుంది. మరి 200వ వంతులో దూకే సైకిలు అలుక్కుపోదా అంటే, పోదు. ఆ చీకట్లో సైకిలు బొమ్మ పడేది దాదాపుగా ఫ్లాష్ వెలుగులోనే. ఇలాంటి చిన్న ఫ్లాష్ పవరుని పదహారో వంతుకి తగ్గిస్తే దాని మెరుపు సుమారు సెకనులో పదివేలో వంతు. ఆ లోపల సైకిలేం ఖర్మ, చక్రం విసిరిన గులకరాయి కూడా కదల్లేదు. అమెరికాలో ఎడ్జర్టన్ అనే ప్రొఫెసరు ఇంకా చిన్న మెరుపుతో 1964లో ఆపిల్ పండులోంచి దూసుకుపోతున్న తూటాని ఫోటో తీశాడని కూడా చెప్పాడు. ఆ ఆపిల్ని ఎవరు పట్టుకున్నారని అడిగాను. జవాబు రాలేదు.

పదహారో వంతు పవరు చాలాలంటే నేను ఆ బండకి పదడుగుల దూరంలో నిలబడాలి. సైకిలు వచ్చి పడే చోటు కూడా సరిగ్గా అక్కడే. ఇరవై అడుగులకి జరిగాను. దూరం రెట్టింపయితే వెలుగు నాలుగో వంతయిపోతుంది కాబట్టి మా వాడు పవరు నాలుగో వంతుకి పెంచాడు. కుర్రాళ్ళు ఒకసారి ఊరికే దూకి చూపించాక నేను నలభై అడుగులకి జరిగాను. వాడు నిట్టూర్చి ఫుల్ పవర్ పెట్టాడు. భౌతికశాస్త్రానికి దాని సూత్రాలు దానికున్నాయి, నాకు మీ అత్తకి చెప్పి వచ్చిన మాట ఉంది అన్నాను.

ఫుల్ పవర్‌తో వచ్చిన చిక్కేమిటంటే, ఒకసారి మెరిశాక ఫ్లాష్ ఖాళీ. వీధి కొళాయి కింద పెట్టిన బిందె నిండేదాకా ఎలా ఆగాలో, దానిలో కరెంటు పోగుచేసుకునే కెపాసిటర్ నిండేదాకా అలా ఆగాలి. నాలుగు పెన్‌టార్చి సెల్లులతో నడిచే ఆ ఫ్లాష్‌కి నాలుగైదు సెకన్లు పడుతుంది. సైకిలు గాల్లో ఉండేది అరసెకను.

సైగ కింద “గోవిందా!” అనుకున్నాం. తిరుపతి వాళ్ళకి వేరే కౌంట్‌డౌను అక్కర్లేదు. పైన ఎర్ర హెల్మెట్టు కుర్రాడు “గోవిందా!” అన్నాడు. మేం “గోవిందా!” అన్నాం. గుట్టకి అవతలినుంచి ఓ యాభై గొంతులు “గోవిందా గోవింద!” అన్నాయి. మా వాడికి ఒళ్ళు పులకరించింది. కుర్రాడు బయల్దేరాడు. వాడింకా బండ ఎక్కకముందే నా చేతిలో ఫ్లాష్ దానంతటది ఫట్టున మెరిసింది. తర్వాత వాడు దూకాడు, మా వాడు క్లిక్ కొట్టాడు. ఫోటోలో చీకటి.

“మామా, ఏం నొక్కినావు?”

“నేనేం నొక్కలేదు.”

“మళ్ళీ!”

మళ్ళీ అదే కథ. ఈసారి సైకిలు కదలకముందే రెండుసార్లు మెరిసింది. సెల్లులు మార్చాం. కాంటాక్టులు చొక్కా అంచుతో తుడిచాం. మా వాడు నన్ను వేళ్ళు దూరంగా పెట్టుకుని కర్రని అరచేతులతో మాత్రమే పట్టుకోమన్నాడు. నేను అలాగే పట్టుకున్నాను. అది మూడుసార్లు మెరిసింది.

ఈలోగా మేకలు తోలుకుంటూ ఓ పెద్దాయన వచ్చి పక్కనున్న ఇంకో బండమీద గొంతుక్కూర్చున్నాడు. వినోదానికి టిక్కెట్టు లేదు కదా.

“ఆయన నొక్కలా అబ్బయ్యా” అని నా తరఫున సాక్ష్యం చెప్పాడు. “నేను వొచ్చినకాణ్ణించీ చూస్తానే ఉండా. ఆయన ఏ పనీ చెయ్యలా.”

ఆయన సాక్ష్యం చెప్తుండగానే ఇంకోసారి మెరిసింది. మేకలు బెదిరాయి. అదే సమయానికి నీలం హెల్మెట్టు కుర్రాడు గోవిందా అని బయల్దేరి ఉన్నాడు. మేకలన్నీ వాడి దారికి అడ్డం పడ్డాయి. డిస్క్ బ్రేకులు మంచివేనని అప్పుడు ఒప్పుకున్నాను, ఎందుకంటే సైకిలు ఉన్నచోటే ఆగింది. కుర్రాడు మాత్రం ఆగలేదు. తంగేడు పొద వాణ్ణి భద్రంగా అందుకుంది. లేచొచ్చి మొదట సైకిలుకి ఏమైనా అయిందా అని చూసుకున్నాడు, తర్వాత మోచేయి చూసుకున్నాడు. పెద్దాయన ఇవేవీ పట్టించుకోలేదు. ఆయన కన్నంతా నా చేతిలోని వస్తువు మీదే ఉంది.

“సామీ, ఇది ఎంత పడతాది? మా చెనిక్కాయ చేన్లో అడివి పందులు పడి తొవ్వేస్తా ఉండాయి. టపాకాయలు కాల్చినా అదరడం ల్యా. ఇట్లా మనిషి నొక్కకుండానే మెరిసేదయితే రాత్రిపూట నేను పొయ్యి పడుకోవచ్చు.”

వారం రోజుల్లో మేం విన్న తెలివైన మాట అదొక్కటే. అయినా మా వాడికి కోపమొచ్చింది.

సరిగ్గా అప్పుడే గుట్ట అవతలి వైపునుంచి కోటు వేసుకున్న మనిషి ఒకడు, వెనకాల గొడుగు లైటు పట్టుకున్న కుర్రాడు ఒకడు రొప్పుతూ పైకొచ్చారు. కోటాయన మెడలో కెమెరా, దాని నెత్తిన మా వాడి దగ్గరున్నట్టాంటిదే చిన్న నల్ల డబ్బా. ఇద్దరూ ఒకరి డబ్బా ఒకరు చూసుకున్నారు. ఆ చూపుల్లో అంతా తేలిపోయింది.

మా పక్క ముహూర్తం తెల్లారుజామున ఉన్నా ముందురోజు సాయంత్రమే రిసెప్షన్ పెడతారు కదా. మండపం వెనక గేటు దగ్గర, గుట్ట కనబడేట్టుగా పెళ్ళికొడుకునీ పెళ్ళికూతుర్నీ నిలబెట్టి ఆయన ఫోటోలు తీస్తున్నాడు. ఆ నల్ల డబ్బాలు రేడియో ట్రిగ్గర్లు: కెమెరా క్లిక్ మనగానే దూరంగా ఉన్న ఫ్లాష్‌ని మెరిపిస్తాయి. వీటిలో పదహారు చానళ్ళున్నాయి. కొన్నరోజున అది ఒకటో చానల్లో ఉంటుంది. కొన్నవాళ్ళు పెట్టె విప్పి, మెరుస్తోందా అని చూసి, సంతోషించి, మిగతా పదిహేను ఉన్నాయన్న సంగతి మర్చిపోతారు. ఆయన క్లిక్ కొట్టినప్పుడల్లా గుట్టమీద నేను మెరిశాను. మా వాడు క్లిక్ కొట్టినప్పుడల్లా కింద ఆయన గొడుగు మెరిసి, పెళ్ళికూతురు ఉలిక్కిపడి కళ్ళు మూసుకుంది. ఆవిడ ఉలిక్కిపడ్డప్పుడల్లా పెళ్ళికొడుకు తరఫు వాళ్ళు, అమ్మాయికి ఏమైనా అదురు జబ్బుందా అని గుసగుసలు మొదలుపెట్టారట. ఆయన అంత ఎత్తు ఎక్కి రావడానికి అసలు కారణం అదీ.

“ఎవరో ఒకరు చానల్ మార్చుకోవాల బ్రదర్.”

“మార్చుకుంటానన్నా, సారీ.”

ఆయన కిందికి దిగాడు. మా వాడు మర్యాదస్థుడు కాబట్టి వెంటనే రెండో చానల్‌కి మార్చాడు. కిందికి దిగిన ఆయన కూడా మర్యాదస్థుడే. నా చేతిలో ఫ్లాష్ ఫట్‌మంది. గుట్ట అవతలినుంచి “అయ్యో, మళ్ళా మూసింది!” అని ఆడగొంతు వినిపించింది. ఇద్దరూ ఏకకాలంలో మళ్ళీ ఒకటికి వచ్చారు. చివరికి గొడుగు కుర్రాడు గోడెక్కి, వేళ్ళు చూపించి, “మాది తొమ్మిదీ!” అని అరిచి ఈ గొడవ తీర్చాడు. వాడికి జీతమెంతో గానీ అందరిలో వాడే బాగుపడతాడు.

అప్పటికి ఆకాశంలో నీలం అయిపోయింది. మా వాడు పట్టు విడవకుండా తీశాడు. ఫ్లాష్ మెరిసింది, సమయానికే మెరిసింది. ఫోటోలో చుట్టూ నలుపు, మధ్యలో సైకిలు. గుట్ట లేదు, కొండల్లేవు, చంద్రగిరి కోట లేదు. ఫుల్ పవర్‌లో మెరుపు కూడా సాగుతుంది కాబట్టి, చక్రం ఊచలు కాస్త అలుక్కుపోయాయి. మా ఇంటి మేడమీద తీసినా ఇదే వస్తుందని నేను అనబోయి, కారు తాళం వాడి జేబులో ఉందని గుర్తొచ్చి ఊరుకున్నాను.

సామాన్లు సర్దుకుని దిగుతుంటే మండపం గేటు దగ్గర కోటాయన చెయ్యి ఊపి పిలిచాడు. ఆయన కెమెరా తెరమీద ఒక ఫోటో ఉంది. ముందు పెళ్ళికొడుకూ పెళ్ళికూతురూ, ఇద్దరి కళ్ళూ తెరిచే ఉన్నాయి. వెనక నీలం ఆకాశం. పొడుగు లెన్సుతో తీశాడేమో, గుట్ట దగ్గరికి జరిగినట్టుంది. ఆ గుట్టమీద, సరిగ్గా ఇద్దరి తలల మధ్య, ఎర్ర హెల్మెట్టు కుర్రాడు గాల్లో ఉన్నాడు. పక్కనుంచి పడిన వెలుగులో కండ, చెమట, చక్రం కింద దుమ్ము, అన్నీ మా వాడు వర్ణించినట్టే పడ్డాయి. ఆయన క్లిక్‌కి రెండు ఫ్లాష్‌లూ వెలిగాయి: ఆయనది పెళ్ళివాళ్ళమీద, మాది సైకిలు మీద. తర్వాతి క్షణంలో మా వాడు క్లిక్ కొట్టేసరికి మిగిలింది చీకటి.

మా వాడు ఆ తెరవంక చాలాసేపు చూశాడు. “ఫోకస్ బాగుండాదన్నా” అన్నాడు చివరికి. పెద్దమనసే.

పెళ్ళికొడుకు మమ్మల్ని భోంచెయ్యకుండా పోనివ్వలేదు. మోకాళ్ళదాకా మట్టితో, తలలో తంగేడు పూలతో ఇద్దరు కుర్రాళ్ళు బంతిలో కూర్చుంటే రెండు వైపుల వాళ్ళూ అవతలి వాళ్ళ బంధువులేమో అనుకుని మరీ మరీ వడ్డించారు. మేకల పెద్దాయన కూడా వచ్చి నా పక్కనే కూర్చుని, ఫ్లాష్ ధర గురించి పాయసం దాకా బేరమాడాడు.

ఆ ఫోటో ఆల్బంలో మధ్య పేజీ ఎక్కిందని తర్వాత తెలిసింది. పెళ్ళికూతురి నాన్నగారు ఒక్క మార్పు చెప్పాడట: సైకిలబ్బాయి ఉండొచ్చు, ఆ కర్ర పట్టుకుని పొట్టేసుకుని నిలబడిన ఆయన్ని మాత్రం తీసెయ్యమని. కోటాయన కంప్యూటర్లో నన్ను శుభ్రంగా చెరిపేశాడు. కర్ర కూడా పోయింది. కర్ర చివర మెరుపు మాత్రం నక్షత్రంలా బాగుందని ఉంచేశాడు.

ఇప్పుడు ఇంటికొచ్చిన వాళ్ళందరికీ పెళ్ళికూతురి అవ్వ ఆ పేజీ తీసి, “మేమందరం గోవిందా అన్నాం చూడండి, అప్పుడొచ్చింది కొండమింద ఆ వెలుగు” అని చూపిస్తోందట. ఆల్బం ఇవ్వడానికి వెళ్ళినప్పుడు కోటాయన నిజాయితీకి పోయి, “అది కాదవ్వా, అక్కడ ఒకాయన లైటు పట్టుకుని నిలబడినాడు” అని చెప్పబోయాడు.

అవ్వ ఆల్బం ఆయన ముందుకి తోసిందట. “యాడ నిలబడినాడు? చూపించు.”