మీటర్‌లో 94 వేలు ఉంటే భయపడకండి, 28 వేలు ఉంటే ఆగి చూడండి

సంక్రాంతి నుంచి ఇది రాయాలనుకుంటున్నాను. నిన్న ఆఫీసులో ఒక కుర్రాడు ముప్పై ఐదు వేలు పట్టుకుని సెకండ్ హ్యాండ్ బండి చూడటానికి వెళ్తుంటే చుట్టూ ఉన్న నలుగురూ ఒకటే మాట, "యాభై వేల కిలోమీటర్లు దాటింది మాత్రం ముట్టుకోకు". ఈ ఒక్క మాట వల్ల ఎంతమంది డబ్బులు పోయాయో నాకు తెలుసు, అందులో నా డబ్బులూ ఉన్నాయి.

మా పిన్ని కొడుకు ఉప్పల్‌లో రూమ్‌లో ఉంటాడు. ఇళ్లకు వెళ్లి రక్తం శాంపిల్స్ తెచ్చి ల్యాబ్‌లో ఇచ్చే పని. జీతం పదహారు వేలు, సొంత బండి ఉంటేనే ఉద్యోగం. రోజుకి డెబ్బై, ఎనభై కిలోమీటర్లు తిరగాలి. మొదటి రోజు నుంచే అందరూ వాడికి చెప్పింది ఏమిటంటే, "పాతది ఎందుకురా, ఇరవై వేలు కట్టి కొత్తది తీసుకో, మిగతాది ఈఎంఐ". నేను కాగితం మీద లెక్క వేసి చూపించాను. ఆన్‌రోడ్ లక్ష అనుకుందాం. ఎనభై వేల లోన్, పద్దెనిమిది శాతం వడ్డీ, రెండేళ్లు అంటే నెలకి దాదాపు నాలుగు వేలు. పదహారులో నాలుగు పోతే, రూమ్ రెంటు, పెట్రోలు, తిండి తీసేస్తే ఇంటికి పంపడానికి ఏం మిగులుతుంది? ఒక నెల జ్వరం వచ్చి పనికి వెళ్లకపోతే ఆ కిస్తీ ఎవరు కడతారు? సలహా ఇచ్చినవాళ్లు కట్టరు కదా. తక్కువ జీతం ఉన్న పిల్లలకి ఇలాంటి సలహాలు ఇచ్చేముందు దయచేసి వాళ్ల నెల ఖర్చు ఒకసారి అడగండి.

ఇక కిలోమీటర్ల సంగతి. 2016లో నేను ఒక కన్సల్టెన్సీలో (పాత బండ్లు కొని అమ్మే షాపు) 150 సీసీ బండి కొన్నాను. 2009 మోడల్, మీటర్‌లో 28 వేలు. సింగిల్ ఓనర్, డాక్టర్‌గారు వాడిన బండి, ఎక్కువ తిప్పలేదు అన్నారు. తళతళలాడిపోతోంది, కొత్త స్టిక్కర్లు, కొత్త సీటు కవరు. నేను 28 అనే అంకె చూసి పడిపోయాను. రెండో నెలలోనే సైలెన్సర్ నుంచి నీలం పొగ. మెకానిక్ ఇంజిన్ విప్పి పిస్టన్ తీసి గుడ్డతో తుడిచి నా చేతిలో పెట్టాడు. దాని నెత్తి మీద 0.50 అని చిన్న అంకె గుద్ది ఉంది. "అన్నా, ఇది ఓవర్‌సైజ్ పిస్టన్. పిస్టన్ ఆడే బోరు అరిగితే తొలిచి పెద్ద పిస్టన్ వేస్తారు. మొదటిసారి 0.25, తర్వాత 0.50. ఇరవై ఎనిమిది వేలకి ఏ బండికీ ఇది పడదు" అన్నాడు. అంటే మీటర్ తిప్పేశారు. ఆ అంకె ఇప్పటికీ నా కళ్ల ముందు ఉంది. కొన్న ధర మీద ఇంజిన్ పనికి ఇంకో పదకొండు వేలు అయ్యాయి, అప్పట్లో అది నా నెల జీతంలో సగానికి పైనే.

మీటర్ తిప్పడం పెద్ద విద్యేమీ కాదు. ముందు చక్రం దగ్గర మీటర్ కేబుల్ ఊడదీసి ఏళ్ల తరబడి నడిపేవాళ్లున్నారు. మీటరే మార్చేస్తారు. ఐదంకెల మీటర్ ఉన్న పాత బండ్లయితే 99,999 దాటాక దానంతట అదే సున్నాకి వస్తుంది, అప్పుడు 20 వేలు అని కనిపించేది నిజానికి లక్షా ఇరవై వేలు కూడా కావచ్చు. తిప్పలేనివి కొన్ని ఉంటాయి. ఫుట్‌రెస్ట్ రబ్బరు మీద గీతలు, కిక్ రాడ్ రబ్బరు, వెనక బ్రేకు పెడల్ మీద కాలు పడే చోటు, తాళం చెవి పళ్లు. మీటర్‌లో 28 వేలు ఉండి బ్రేకు పెడల్ అద్దంలా నున్నగా అరిగిపోయి ఉంటే పెడల్‌ని నమ్మండి. నా బండి పెడల్ అలాగే ఉంది, నేనే చూడలేదు.

అందుకే తమ్ముడికి బండి వెతికేటప్పుడు కన్సల్టెన్సీల వైపు వెళ్లలేదు, బండిని కొన్నప్పటి నుంచి తానొక్కడే నడిపిన మనిషి కోసం వెతికాం. పండక్కి ఖమ్మం వెళ్లినప్పుడు దొరికారు. రిటైరైన ఒక సర్కారు బడి సారు. 2011 మేలో కొన్న స్ప్లెండర్ ప్లస్, ట్యాంకు మీద ఇంకా హీరో హోండా అనే ఉంటుంది, రెండు కంపెనీలు విడిపోతున్నామని చెప్పిన కొత్తల్లో వచ్చిన బండి. మీటర్ 94,312. తమ్ముడి మొహం వాడిపోయింది. "అన్నా, లక్షకి దగ్గర్లో ఉంది" అని చెవిలో అన్నాడు. ఆగరా అన్నాను.

సారు లోపలికి వెళ్లి సీ బుక్కు (ఆర్సీ) కవరుతో పాటు ఒక పాత ఎల్ఐసీ డైరీ తెచ్చారు. నీలం ఇంకుతో తేదీ, కిలోమీటర్లు, చేసిన పని, ఖర్చు. మూడు వేలకి అటూ ఇటూగా ప్రతిసారీ "ఆయిల్ 900 మి.లీ." అని ఒకే రకం చేతిరాత. ముప్పై ఒకటి లెక్కపెట్టాను. మధ్యలో 2017 నవంబర్ దగ్గర "71,240. బోరు, పిస్టన్, రింగులు. 3,850" అని రాసి కింద ఎర్ర గీత. దాచలేదు, అడగకముందే ఆ పేజీ తీసి ఆయనే చూపించారు. "రోజూ కూసుమంచి వైపు బడికి పోయొచ్చిన బండి బాబూ, రానూపోనూ యాభై. ఒక్కనాడు దారిలో ఆగలే" అన్నారు. యాభై చొప్పున 220 రోజులు అంటే ఏడాదికి 11 వేలు, అలా ఎనిమిదేళ్లు 88 వేలు, మిగిలింది పొలానికి తిరిగింది. మీటర్, డైరీ, ఆయన చెప్పిన మాట మూడూ ఒకే లెక్క చెప్పాయి. నాకు అంతకంటే ఏం కావాలి?

రోజూ ఒకే దారిలో, ఒకే వేగంతో, ఒకే మనిషి నడిపిన బండికి కిలోమీటర్లు పెద్ద భారం కావు. ఇంజిన్‌ని ఎక్కువగా తినేది చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేసి వెంటనే రేజ్ చేయడం, అరకిలోమీటరు పోయి ఆపేయడం, ఆయిల్ మార్చకుండా తిప్పడం. "అస్సలు తిప్పలేదు, ఇంట్లోనే పెట్టాం" అన్న బండి గొప్పదని అనుకోకండి. నెలల తరబడి కదలకపోతే కార్బ్యురేటర్‌లో పెట్రోలు జిగురు కడుతుంది, ట్యాంకు లోపల తుప్పు పడుతుంది, ఫోర్కు సీళ్లు ఎండిపోతాయి, టైర్లు పగుళ్లిస్తాయి. టైరు పక్కన చిన్న గడిలో నాలుగంకెలు ఉంటాయి చూడండి. 3118 అంటే 2018లో 31వ వారం తయారైందని. టైరు మీద బటన్లు బాగున్నాయి కదా అని ఏడేళ్ల టైరుతో వాన రోడ్డు మీద బ్రేకు వేయకండి.

బండి చూడ్డానికి వెళ్లేముందే ఫోన్ చేసి "మేం వచ్చేదాకా స్టార్ట్ చేయొద్దు సార్" అని చెప్పాం. వెళ్లగానే ఇంజిన్ మీద చెయ్యి పెట్టాను, చల్లగా ఉంది. మీరు వెళ్లేసరికే వేడిగా ఉందంటే, మీకు కనబడకూడనిది ఏదో ముందే అయిపోయిందని అనుమానించండి. రాత్రంతా ఆగిన బండి స్టార్ట్ చేయగానే ఒక్కసారి నీలం పొగ వచ్చి ఆగిపోతే వాల్వ్ సీళ్లు, రేజ్ చేసినప్పుడల్లా వస్తుంటే రింగులూ బోరూ. మొదటిది చిన్న ఖర్చు, రెండోది ఇంజిన్ దించే పని. సారు బండి రెండో కిక్కుకి అందుకుంది, పొగ లేదు, టైమింగ్ చైన్ మాత్రం సన్నగా గలగలమంది. సెంటర్ స్టాండ్ వేసి వెనక బరువు పెట్టి ముందు చక్రం లేపి హ్యాండిల్ మెల్లగా అటూ ఇటూ తిప్పితే మధ్యలో ఒకచోట పట్టినట్టు ఆగింది. కోన్ సెట్ పోయింది, అంటే హ్యాండిల్ తిరిగే చోట ఉండే బేరింగులు. చైన్ కవర్‌కి ఉన్న రబ్బరు మూత తీసి వేలు పెట్టి చూస్తే చైన్ వేలాడుతోంది. ఇవన్నీ మార్చుకునేవే, చెప్పి ధర తగ్గించుకునేవే. ఛాసిస్ వంగిన బండిని మాత్రం సగం ధరకిచ్చినా తీసుకోవద్దు, ఎన్ని వేలు పెట్టినా అది మళ్లీ తిన్నగా నడవదు.

హెడ్‌లైట్ డూమ్ (లైటు చుట్టూ ఉండే కవరు) కూడా విప్పించాను. సారు నొచ్చుకోలేదు, ఎందుకో ఆయనకి తెలుసు. 2024 సెప్టెంబర్ మొదట్లో మున్నేరు పొంగి ఖమ్మంలో కాలనీలు మునిగాయి, అదే రోజుల్లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ వైపు ఇళ్లలో రోజుల తరబడి నీళ్లున్నాయి. ఆ నీళ్లలో ఎన్ని బండ్లు మునిగాయో చూసినవాళ్లకి తెలుసు. పాపం ఆ ఓనర్ల తప్పేమీ లేదు, కానీ చవగ్గా కొని పైపైన కడిగి తెచ్చి చెప్పకుండా అమ్మేవాడిది తప్పే. డూమ్ లోపల, సీటు కింద వైర్ల మూలల్లో ఎండిన సన్నటి బురద ఉందేమో చూడండి. డిప్‌స్టిక్ తీస్తే ఆయిల్ పాలు కలిపిన టీలా ఉంటే అక్కడి నుంచి వచ్చేయండి.

26 వేలకి కుదిరింది. చైన్ సెట్, కోన్ సెట్, వెనక టైరు, బ్యాటరీ, టైమింగ్ చైన్, అన్నీ కలిపి షెడ్డులో ఏడు వేల చిల్లర. నేను ఎవరికైనా చెప్పేది ఇదే, చేతిలో 35 ఉంటే 27కి మించిన బండి చూడొద్దు. మిగిలింది బండికి మొదటి నెలలోనే కావాలి. ఉన్నదంతా బండికే పెట్టేస్తే అరిగిన బ్రేకు షూలతో తిరగాల్సి వస్తుంది. హెల్మెట్ కూడా ఆ మిగిలినదాంట్లోంచే.

ఇంక కాగితాలు. ఇక్కడే నాకు అన్నిటికంటే కోపం. నా 2016 బండి కన్సల్టెన్సీ వాడు ఓనర్‌తో ముందే సంతకాలు పెట్టించిన ఖాళీ ఫారాలు చేతిలో పెట్టి "ఎప్పుడైనా మార్చుకోవచ్చు అన్నా" అన్నాడు. నేను మార్చుకుందామని వెళ్తే సీ బుక్కులో పాత ఫైనాన్స్ పేరు ఇంకా ఉంది. ఆ ఫైనాన్స్ నుంచి అప్పు తీరిందని ఎన్ఓసీ (అభ్యంతరం లేదనే కాగితం), ఫారం 35 తెచ్చి అది తీయిస్తే తప్ప పేరు మారదు. మొదటి ఓనర్ ఊరు మారిపోయారు. ఏడాదిన్నర తిరిగాను. ఆ ఏడాదిన్నర నేను ఎవరినైనా గుద్ది ఉంటే, ఆ బండి సంగతే మర్చిపోయిన మనిషికి కోర్టు నోటీసు వెళ్లేది. ఇది ఊరికే భయపెట్టడం కాదు. అమ్మేసినా రిజిస్ట్రేషన్ ఎవరి పేరు మీద ఉందో వాళ్లనే ఓనర్‌గా చూడాలని 2018లో సుప్రీంకోర్టు ఒక యాక్సిడెంట్ పరిహారం కేసులో చెప్పింది. అమ్మినవాళ్లు 14 రోజుల్లో తెలియజేయాలని, కొన్నవాళ్లు 30 రోజుల్లో పేరు మార్చుకోవాలని మోటారు వాహనాల చట్టంలోనే ఉంది. 2023 ఏప్రిల్ నుంచి సెకండ్ హ్యాండ్ బండ్లు అమ్మే డీలర్లకి ఆర్టీఏ ఆథరైజేషన్ ఉండాలని కేంద్రం రూల్ కూడా తెచ్చింది. కన్సల్టెన్సీలో కొంటుంటే ముందు ఆ సర్టిఫికెట్ చూపించమని అడగండి. అడిగే హక్కు మీకుంది.

సారు బండికి ఆ గొడవ లేకుండా ఒక పద్ధతి పెట్టుకున్నాం. డబ్బులివ్వకముందే నంబర్ కొట్టి చలాన్లు చూశాం, రెండుంటే సారే కట్టేశారు. హ్యాండిల్ కింద మెడ దగ్గర ఛాసిస్ నంబర్, కింద ఇంజిన్ నంబర్, రెండూ గుడ్డతో తుడిచి సీ బుక్కుతో అంకె అంకె కలిపి చూశాం. పేరు మార్చడానికి ఇచ్చే ఫారం 29, 30 మా ముందే నింపి సంతకాలు చేశారు, ఖాళీ ఒక్కటి కూడా వదల్లేదు. ఐదు వేలు ఆపుకుని, పేరు మారాకే ఇస్తామన్నాం. ఆయన ఒప్పుకున్నారు. నిజాయితీగా అమ్మే మనిషికి ఇది అవమానం కాదు, ఆయనకీ రక్షణే. ఇన్సూరెన్స్ కూడా పాతది ఉందిలే అని వదిలేయకండి, మీ పేరు మీదకి మార్పించుకోండి. 2022లో పెట్టిన రేటు ప్రకారం ఈ సీసీకి థర్డ్ పార్టీ ప్రీమియం 714, జీఎస్టీతో 843 రూపాయలు. అంత చిన్న మొత్తానికి కక్కుర్తి పడొద్దు.

ఒకటి మర్చిపోయాను. ఏపీ 20 నంబర్ చూసి హైదరాబాద్‌లో ఇద్దరు "ఆంధ్రా బండా, ఎన్ఓసీ కావాలే" అన్నారు. ఏపీ 20 అంటే ఉమ్మడి రాష్ట్రంలో ఖమ్మం నంబర్. ఇక్కడి బండే. అదే ఏపీ 16 లాంటి విజయవాడ బండి తెచ్చుకుంటే మాత్రం అక్కడి ఆర్టీఏ నుంచి ఎన్ఓసీ, ఇక్కడ మళ్లీ టాక్స్ పడితే అదీ, ఆ ఖర్చు ముందే ధరలో లెక్కేసుకోవాలి. అలాగే పదిహేనేళ్ల సంగతి. ఈ బండి సీ బుక్కు గడువు 2026 మే వరకే. తర్వాత ఫిట్‌నెస్ చూపించి రెన్యూవల్ చేయించాలి. 2022 ఏప్రిల్ నుంచి ఆ ఫీజు 300 నుంచి వెయ్యి అయింది, గ్రీన్ టాక్స్ వేరే, ఆలస్యమైతే నెలకి 300 చొప్పున పడుతుంది. పదమూడు, పద్నాలుగేళ్ల బండి చవగ్గా వస్తోందంటే కారణం చాలాసార్లు ఇదే, బేరంలో ఇది గుర్తుపెట్టుకోండి.

ఇప్పుడు బండి లక్ష కిలోమీటర్లు దాటింది. లీటరుకి అరవైకి తగ్గట్లేదు, పొగ లేదు, వాడి పని ఒక్కరోజు ఆగలేదు. పోయిన నెల వాడు పిన్నికి ఆరు వేలు పంపాడు. నిన్నటి ఆఫీసు కుర్రాడితో ఆదివారం పొద్దున్నే నేనూ వెళ్తున్నాను, అమ్మే ఆయనకి స్టార్ట్ చేయొద్దని ఇప్పుడే ఫోన్ చేయించాను. ఉప్పల్, నాగోల్, ఎల్బీనగర్ వైపు ఎవరైనా ఇలా తక్కువ డబ్బులతో బండి చూస్తుంటే మెసేజ్ పెట్టండి. ఆదివారాలు ఖాళీనే, ప్లగ్ స్పానర్ నేనే తెస్తాను.